పిలిచినా పలకని గ్రంథి

పేరు వెయ్యొద్దంటూ ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. క్లుప్తంగా విషయం ఇది.

ఆమెకు 34 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నారు. ఐదేళ్ల పాప ఉంది. ఏడాదిన్నర నుంచి ఒంట్లో సత్తువ లేదు. రాత్రి తొమ్మిదింటికి పడుకుని పొద్దున ఏడింటికి లేచినా నిద్ర తీరినట్టు ఉండదు. ఆఫీసులో అందరూ మామూలుగా ఉంటే తానొక్కరే శాలువా కప్పుకుని కూర్చుంటున్నారు. ఆరు కిలోల బరువు పెరిగింది. తల దువ్వితే జుట్టు గుప్పెళ్లతో వస్తోంది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ బాగా తెలిసిన మాటే గుర్తుకు రాక ఆగిపోతున్నారు. వేలి ఉంగరం సబ్బు రాసినా రావడం లేదు. అత్తగారు మొహం మీదే అంటారు: "నీకు థైరాయిడ్ ఎక్కువైంది, కాస్త ఒళ్లు వంచి పని చేస్తే అదే కరుగుతుంది" అని. భర్త ఎదురుగా ఏమీ అనరు. కానీ ఒకరోజు ఫోన్లో ఎవరితోనో "తనకి బద్ధకం బాగా పెరిగిపోయింది" అనడం ఈమె చెవిన పడింది. ఆ రాత్రంతా ఏడ్చాననీ, ఆయన అన్నది నిజమేనేమోనని ఇప్పటికీ అనుమానమనీ రాశారు.

ఆరు నెలల క్రితం థైరాయిడ్ పరీక్ష చేయిస్తే, ఆ గ్రంథిని పనిచేయమని పురిగొల్పే హార్మోన్ టీఎస్‌హెచ్ 14.2 వచ్చింది. ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా తిరిగే థైరాయిడ్ హార్మోన్, కింది హద్దుకు కొంచెం కిందుంది. రోగనిరోధక వ్యవస్థ థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అని చూసే యాంటీ టీపీవో అనే మరో పరీక్ష పాజిటివ్. డాక్టర్ 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర రాశారు. ఐదు వారాలు వాడారు. బరువు తగ్గలేదు, అలసట పోలేదు. ఈలోగా వదినగారు "అది మొదలుపెడితే జన్మంతా వదలదు, ఎముకలు గుల్లబారతాయి" అని భయపెట్టారు. మాత్ర మానేశారు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు, వదినగారు ఇచ్చిన 'థైరాయిడ్‌కు మంచిది' అనే పొడి మొదలుపెట్టారు. మాత్ర మానేసిన రెండు నెలలకు మళ్లీ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 5.1 వచ్చింది. "చూశావా, దానంతటదే తగ్గింది" అన్నారు భర్త. ఒంట్లో మాత్రం ఏమీ తగ్గలేదు. పైగా ఇద్దరూ రెండో బిడ్డ కావాలనుకుంటున్నారు. మాత్ర వాడాలా వద్దా, ఒకసారి మొదలుపెడితే ఇక అంతేనా, ఇదంతా తన చేతులారా తెచ్చుకున్నదా, ఇంట్లో వాళ్లకు ఎలా చెప్పాలి? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, ముందుగా ఆ 'బద్ధకం' అన్న మాట సంగతి తేల్చుకుందాం. మిగతావన్నీ దాని వెనకే ఉన్నాయనిపిస్తోంది.

మీ ఉత్తరం మూడో పేజీలో ఒక చిన్న విషయం రాశారు. డాక్టర్ మిమ్మల్ని కుర్చీ మీద మోకాళ్లు ఆనించి పాదాలు వేలాడేలా కూర్చోబెట్టి, మడమ వెనక చిన్న సుత్తితో తట్టారని, "అదెందుకో అర్థం కాలేదు" అనీ రాశారు. మడమ వెనక తాడులా గట్టిగా తగిలేదాన్ని తడితే పిక్క కండరం బిగుసుకుని పాదం టక్కున కదులుతుంది, వెంటనే యథాస్థితికి వస్తుంది. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తక్కువైన వాళ్లలో పాదం మామూలుగానే కదులుతుంది గానీ, తిరిగి వెనక్కి రావడం నెమ్మదిస్తుంది. బిగుసుకున్న కండరం తీరిగ్గా, బరువుగా సడలుతుంది. కళ్లారా చూస్తే తేడా తెలిసిపోతుంది. రక్త పరీక్షలు ఇంత సులువుగా దొరకని రోజుల్లో డాక్టర్లు దీన్నే ఎంతో నమ్ముకునేవారు. ఇప్పుడు చెప్పండి, ఆ కండరానికి బద్ధకం ఉంటుందా? అక్కడ మీరు మనసు పెట్టడం, పెట్టకపోవడం అంటూ ఏమీ లేదు. మీ ఆలోచనతో పని లేకుండా జరిగేది కూడా ఒంట్లో నెమ్మదిస్తుంది. పేగు నెమ్మదిస్తుంది, అందుకే మలబద్ధకం. గుండె నెమ్మదిస్తుంది. ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుంది, అందుకే శాలువా. చర్మం కింద నీటిని పట్టి ఉంచే పదార్థం పేరుకుంటుంది, అందుకే ఉంగరం రావడం లేదు. వెతుక్కుంటే దొరకని మాట కూడా ఆ వరుసలోదే. మీరు రాసిన లక్షణాలన్నీ ఒకే తాటి మీద ఉన్నాయి. అది మీ స్వభావం కాదు.

హార్మోన్ అనే మాటను 1905లో స్టార్లింగ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చారు. గ్రీకులో దాని మూలానికి 'కదిలించడం' అని అర్థం. కదిలించేది తగ్గితే ఒళ్లు కదలదు మరి.

ఇక అసలు ఏం జరుగుతోందో చూద్దాం. మెడ ముందు భాగంలో, గొంతు ముడికి కాస్త కింద, రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఉండేది థైరాయిడ్ గ్రంథి. బరువు 20 గ్రాములకు అటూ ఇటూ. అయోడిన్‌ను పట్టుకుని టీ4, టీ3 అనే రెండు హార్మోన్లు తయారుచేస్తుంది. ఎక్కువగా తయారయ్యేది టీ4. దానిలో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. కాలేయం లాంటి చోట్ల అందులోంచి ఒకటి ఊడిపోయి టీ3 అవుతుంది. అసలు పని చేసేది ఈ టీ3. అంటే టీ4 దాచుకున్న సొమ్ము, టీ3 చేతిలో ఖర్చు పెట్టుకునే డబ్బు అనుకోండి.

ఈ గ్రంథి తనంతట తాను పనిచేయదు. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంది. అది రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో కనిపెడుతూ ఉంటుంది. తగ్గిందనిపిస్తే టీఎస్‌హెచ్ వదులుతుంది. ఆ టీఎస్‌హెచ్ ఒక పిలుపు, అంతే. మేడ మీద నుంచి కింద ఉన్నవాళ్లను పిలుస్తాం కదా. పలికితే ఊరుకుంటాం. పలకకపోతే గొంతు పెంచుతాం. అప్పటికీ పలకకపోతే అరుస్తాం. టీఎస్‌హెచ్ 14 అంటే మీ పిట్యూటరీ అరుస్తోందని అర్థం. కింద గ్రంథి సరిగ్గా పలకడం లేదన్నమాట.

మీ అత్తగారి మాటలోని పొరపాటు ఇక్కడే ఉంది. ఆమెదొక్కరిదే కాదు, చాలామందిది. రిపోర్టులో టీఎస్‌హెచ్ పక్కన పెద్ద అంకె, పైకి చూపించే బాణం గుర్తు కనబడగానే 'థైరాయిడ్ ఎక్కువైంది' అనుకుంటారు. నిజానికి ఎక్కువైంది పిలుపు. తగ్గింది హార్మోన్. పిట్యూటరీ ఎంత సున్నితమైనదంటే టీ4 సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ వంద రెట్ల దాకా పెరగగలదు. అందుకే టీ4లో కొద్దిపాటి తేడా కూడా టీఎస్‌హెచ్‌లో ముందే బయటపడుతుంది, డాక్టర్లు ముందు దాన్నే చూస్తారు. మామూలు హద్దు సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 వరకు, ల్యాబును బట్టి కాస్త మారుతుంది.

ఒంట్లో చాలా గ్రంథుల తీరు ఇలాగే ఉంటుంది. గొంతులోనే థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి, రక్తంలో కాల్షియం తగ్గకుండా కాపలా కాస్తాయి. పరగడుపున రక్తం మొత్తంలో ఉండే గ్లూకోజ్ ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా. దాన్ని ఆ చెంచా దగ్గర నిలబెట్టడానికి క్లోమం ఇన్సులిన్‌తో దించుతూ, గ్లూకగాన్‌తో ఎక్కిస్తూ ఉంటుంది. మూత్రపిండాల మీద టోపీలా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు వదిలే కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి, అర్ధరాత్రికి అట్టడుగుకు చేరుతుంది. ఎక్కడ చూసినా ఒకటి పిలవడం, ఇంకొకటి పలకడం, పలికాక పిలుపు ఆగడం. మనం 'ఆరోగ్యంగా ఉన్నాం' అనుకునే రోజున ఇవన్నీ చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంటాయి.

మరి మీ గ్రంథి ఎందుకు పలకడం లేదు? యాంటీ టీపీవో పాజిటివ్ కాబట్టి జవాబు దాదాపు తెలిసిపోయినట్టే. మీ రోగనిరోధక వ్యవస్థ మీ థైరాయిడ్‌నే పరాయిదనుకుని కొద్దికొద్దిగా దెబ్బతీస్తోంది. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టర్ దీన్ని మొదట వివరించారు, అందుకే ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆడవాళ్లలో చాలా ఎక్కువ. కుటుంబాల్లో వస్తుంది. మీ అమ్మగారికో పిన్నిగారికో ఉందేమో ఒకసారి అడిగి చూడండి. ఎక్కువ పని చేయడం వల్ల రాదు, తక్కువ పని చేయడం వల్లా రాదు. మీరు చేతులారా తెచ్చుకున్నది ఇందులో ఏమీ లేదు. ఈ ఒక్క వాక్యం మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి.

ఇప్పుడు ఆ 5.1 సంగతి. మీ ఉత్తరం చదువుతూ నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే.

మాత్ర వాడినందువల్ల తగ్గిందా? కాదు. మాత్రలో ఉండేదీ టీ4యే, అది సగం కరిగిపోవడానికి వారం పడుతుంది. రెండు వారాలకు నాలుగో వంతు, మూడు వారాలకు ఎనిమిదో వంతు మిగులుతుంది. రెండు నెలలకు ఇక ఏమీ లేనట్టే. దానంతటదే తగ్గిందా? టీఎస్‌హెచ్ కొంత ఊగిసలాడుతుంది. రాత్రిపూట ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. ఒక పరీక్ష పొద్దున, ఇంకోటి సాయంత్రం చేయిస్తేనే కొంత తేడా వస్తుంది. గ్రంథి కొన్నాళ్లు కోలుకునే సందర్భాలూ ఉన్నాయి. ఆ అవకాశాన్ని నేను కొట్టిపారేయను. కానీ 14 నుంచి 5కి దిగిందంటే ఒంట్లో కాస్తయినా తేడా కనబడాలి. మీకు కనబడలేదు.

నా అనుమానం మీ జుట్టు మాత్ర మీద. డబ్బా మీద బయోటిన్ 10,000 మైక్రోగ్రాములు అని ఉందని రాశారు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు. అంటే మూడొందల రెట్లకు పైనే తీసుకుంటున్నారు. బయోటిన్ విషం కాదు, ఎక్కువైతే మూత్రంలో పోతుంది. చిక్కు ల్యాబులో వస్తుంది. చాలా యంత్రాలు రక్తంలోని టీఎస్‌హెచ్‌ను పట్టుకోవడానికి బయోటిన్‌నే జిగురులా వాడతాయి. మీ రక్తంలో ముందే బోలెడంత బయోటిన్ ఉంటే అది వెళ్లి ఆ జిగురు చోటంతా ఆక్రమిస్తుంది. యంత్రానికి టీఎస్‌హెచ్ తక్కువగా కనిపిస్తుంది, టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. మనిషి అలాగే ఉంటుంది, రిపోర్టు మాత్రం బాగుపడుతుంది. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. అన్ని ల్యాబుల యంత్రాలూ ఇలా మోసపోవు. మీ ల్యాబుది ఏదో నాకు తెలియదు కాబట్టి ఇదే కారణమని ఖాయంగా చెప్పను. కానీ ఆ 5.1 మీద మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. తేల్చుకోవడం సులువే. బయోటిన్ ఆపండి. కనీసం రెండు రోజులు ఆపాలంటారు, మీ మోతాదుకు నేనైతే నాలుగైదు రోజులు ఆపమంటాను. ఆ తర్వాత పొద్దున్నే అదే ల్యాబులో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ చేయించండి. రక్తం తీసేవారికీ, డాక్టర్‌కీ బయోటిన్ సంగతి నోరు తెరిచి చెప్పండి. వాళ్లు అడగకపోవచ్చు.

వదినగారి పొడి కూడా పక్కన పెట్టండి. ఆమె మీ మంచి కోరే ఇచ్చి ఉంటారు. కానీ అలాంటి పొడుల్లో కొన్నింటిలో సముద్రపు నాచు నుంచి తీసిన అయోడిన్ చాలా ఎక్కువగా ఉంటుంది. అయోడిన్ తక్కువైతే థైరాయిడ్ దెబ్బతింటుందన్నది నిజమే. మీ జబ్బులో మాత్రం అయోడిన్ గుమ్మరిస్తే గ్రంథి ఇంకా మందగించవచ్చు. ఇంకొన్నింటిలో ఏకంగా థైరాయిడ్ హార్మోనే కలిసి ఉంటుంది, ఎంత కలిపారో ఎవరికీ లెక్క ఉండదు. లెక్కలేని హార్మోన్ కంటే లెక్క ఉన్న మాత్ర మేలు కదా.

మరి ఐదు వారాలు వాడినా ఎందుకు తేడా రాలేదని మీరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఏ మోతాదు మొదలుపెట్టినా, టీ4 రక్తంలో ఒక స్థాయికి వచ్చి నిలబడటానికే ఐదారు వారాలు పడుతుంది. అప్పుడు పరీక్ష చేసి మోతాదు సరిచేస్తారు. గ్రంథి పూర్తిగా చేతులెత్తేసిన వాళ్లకు కిలోకు 1.6 మైక్రోగ్రాముల లెక్కన పడుతుంది, అంటే 70 కిలోల మనిషికి 110 పైచిలుకు. మీ గ్రంథి ఇంకా కొంత పనిచేస్తోంది కాబట్టి అంత పట్టకపోవచ్చు. కానీ 50 అనేది మొదటి మెట్టు మాత్రమే. ఆ మెట్టు మీద కాలు నిలిచేలోపే మీరు దిగిపోయారు. ఇది మీ తప్పు అనడం లేదు. "ఆరు వారాల దాకా ఏమీ తెలియదమ్మా, ఓపిక పట్టు, మోతాదు మార్చాల్సి రావచ్చు" అని ఎవరైనా రెండు ముక్కలు చెప్పి ఉంటే మీరు మానేసేవారు కాదేమో. జుట్టుకైతే ఇంకా టైమ్ పడుతుంది, కొన్ని నెలలు.

బరువు గురించి మాత్రం ఆశ పెట్టను. థైరాయిడ్ తగ్గినందువల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ చాలా భాగం నీరూ ఉప్పూ. అది దిగుతుంది, ఉంగరం వదులవుతుంది. మిగిలింది మాత్రతో కరగదు. కరుగుతుందని మోతాదు పెంచుకుంటే గుండె దడ మొదలవుతుంది.

ఇక 'జన్మంతా వదలదు' అన్న భయం. దీన్ని తేలిగ్గా తీసిపారేయను. 34 ఏళ్లకే రోజూ ఒక మాత్ర, అదీ చివరిదాకా అనగానే ఎవరి గుండెలోనైనా రాయి పడుతుంది. కానీ ఆ మాటలో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. మాత్ర మిమ్మల్ని అలవాటు చేసుకుని వదలకపోవడం ఒకటి. మీ గ్రంథి తయారుచేయలేనిదాన్ని బయటి నుంచి అందించడం ఇంకొకటి. మొదటిది ఇక్కడ జరగదు. మాత్రలో ఉన్న థైరాక్సిన్‌కూ, మీ గ్రంథి తయారుచేసే టీ4కూ అణువంత తేడా లేదు. ఒకటే పదార్థం. మాత్ర మానేస్తే అలసట తిరిగి వస్తుంది, అది మాత్ర చేసిన అలవాటు వల్ల కాదు, లోటు ఎప్పటిలాగే ఉన్నందువల్ల.

1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే యువ డాక్టర్ దగ్గరికి 46 ఏళ్ల ఆవిడ వచ్చింది. నాలుగైదేళ్లుగా ఇదే జబ్బు, బాగా ముదిరిపోయింది. మొహం ఉబ్బిపోయి, మాట ముద్దగా, కదలిక బరువుగా ఉండేది. అప్పట్లో ఆ స్థితికి చేరిన వాళ్లు క్రమంగా కుంగిపోయి చనిపోవడమే తప్ప చికిత్స లేదు. ముర్రే గొర్రె థైరాయిడ్ నుంచి రసం తీసి ఇంజెక్షన్‌గా ఇచ్చారు. కొన్ని నెలల్లో ఆమె మామూలు మనిషయింది. తర్వాత నోటి ద్వారా తీసుకుంటూ ఇంకో 28 ఏళ్లు బతికి, 1919లో 74వ ఏట కన్నుమూసింది. ఆ ఒక్క మనిషి కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు పట్టాయి. ఆమెకు మందు జన్మంతా వదల్లేదు, నిజమే. ఆ 28 ఏళ్లు ఇచ్చిందీ అదే మందు. మీకు గొర్రెలు అక్కర్లేదు, గోరంత మాత్ర చాలు.

జన్మంతా తప్పదా అని మళ్లీ అడిగితే: హషిమోటోలో చాలామందికి తప్పదు, కొద్దిమందికి గ్రంథి కొంత కోలుకుంటుంది. కాన్పయిన ఏడాదిలోపు వచ్చే థైరాయిడ్ వాపు ఒకటుంది, అది చాలామందిలో తగ్గిపోతుంది. మీ పాపకు ఐదేళ్లు కాబట్టి మీది అది కాదు. పిల్లల సంగతి తేలిపోయాక, ఒంట్లో బాగుందనిపిస్తే, డాక్టర్ పర్యవేక్షణలో మోతాదు తగ్గించి చూడమని అడగొచ్చు. ఆ తలుపు ఎవరూ మూయలేదు. ఎముకల మాటలో కూడా కొంత నిజముంది. మోతాదు మరీ ఎక్కువై టీఎస్‌హెచ్ అట్టడుగుకు పడిపోయి, ఏళ్ల తరబడి అలాగే ఉంటే ఎముకలు పలచబడతాయి, గుండె లయ తప్పుతుంది, ముఖ్యంగా నెలసరి ఆగిపోయిన వాళ్లలో. మోతాదు సరిపోతే ఆ భయం లేదు. పరీక్షలు చేయించేది అందుకే.

మీ ముందు ఇప్పుడు ఏయే దారులున్నాయో చూద్దాం. ఏమీ వాడకుండా ఉండిపోవడం ఒక దారి. అలా ఉంటే అలసట, నెలసరి బాధ కొనసాగుతాయి, కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కాలం గడిచేకొద్దీ గుండె మీద భారం పడుతుంది. గర్భం నిలవడం కూడా కష్టమవుతుంది. దీన్ని నేను సమర్థించలేను, కానీ ఒళ్లు మీది కాబట్టి చెప్పాల్సింది చెప్పాను. వేచి చూడటం రెండోది. బయోటిన్ ఆపి చేయించిన పరీక్షలో నిజంగానే టీఎస్‌హెచ్ 10 లోపు ఉండి, టీ4 మామూలుగా ఉంటే, కొన్ని నెలలు ఆగి మళ్లీ చూద్దామనడం తప్పేమీ కాదు. చాలామంది డాక్టర్లు అలాగే చేస్తారు. మీకు రెండో బిడ్డ ఆలోచన లేకపోయుంటే నేనూ ఆ మాటే అనేదాన్ని. మూడోది, మళ్లీ మాత్ర మొదలుపెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి పరీక్షతో మోతాదు సరిచేసుకుని, ఆ తర్వాత గర్భం గురించి ఆలోచించడం. నా మొగ్గు దీనివైపే, ఎందుకో చెబుతాను.

కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయడం మొదలయ్యేది సుమారు 12వ వారంలో. పూర్తిగా అందుకోవడానికి ఇంకా టైమ్ పడుతుంది. అప్పటిదాకా బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన హార్మోన్ అంతా తల్లి రక్తం నుంచే వెళ్లాలి. అందుకే గర్భం నాలుగో వారం, ఐదో వారం నుంచే తల్లికి హార్మోన్ అవసరం పెరిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి ఆ పెరుగుదలను తనే సర్దుకుంటుంది. మీ గ్రంథి ఉన్న పనికే పలకడం లేదు. కాబట్టి గర్భానికి ముందే టీఎస్‌హెచ్ 2.5 లోపుకు తెచ్చుకోవాలంటారు. దానికి మూడు నాలుగు నెలలు పట్టవచ్చు. ఆ ఆలస్యం మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఒకవేళ ఈలోగానే నెల తప్పితే కంగారు పడి మాత్ర మానేయడం మాత్రం చేయకండి. గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ ఇది వాడొచ్చు, వాడాలి. టెస్ట్ పాజిటివ్ వచ్చిన రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. సాధారణంగా మోతాదు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెంచుతారు, మొదటి సగం అంతా నాలుగు వారాలకోసారి పరీక్ష ఉంటుంది.

మాత్ర వేసుకునే పద్ధతి వల్ల కూడా చాలామందికి పనిచేయదు, దాన్నీ చూసుకోండి. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి, కాఫీ కూడా ఆ తర్వాతే. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే అవి దీన్ని పేగులోనే పట్టేసుకుంటాయి. పొద్దున కుదరని వాళ్లు రాత్రి తిన్న మూడు గంటలకు వేసుకున్నా పరవాలేదు, రోజూ ఒకే తీరు ఉంటే చాలు. ఒక రోజు మర్చిపోతే టెన్షన్ పడకండి. సగం కరగడానికే వారం పడుతుందని చెప్పాను కదా.

ఇంకో మాట. అన్నింటినీ థైరాయిడ్ మీదే వేసేయకండి. నెలసరిలో అంత రక్తం పోతోందంటే ఐరన్ తగ్గి ఉండే అవకాశం బాగా ఉంది. హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, విటమిన్ బి12 కూడా చూపించుకోండి. జుట్టు ఊడటానికి బయోటిన్ లోపం కంటే ఐరన్ లోపం చాలా మామూలు కారణం. అలాగే, "ఎందుకు బతుకుతున్నానో అనిపిస్తుంది" అని చివరి పేజీ అంచున చిన్న అక్షరాలతో రాశారు. థైరాయిడ్ తగ్గితే మనసు కుంగుతుంది, నిజమే. కానీ అది హార్మోన్ వల్లే అయినా, ఇంట్లో పడ్డ మాటల వల్లే అయినా, ఆ ఆలోచన వచ్చినప్పుడు ఒంటరిగా మోయకూడదు. డాక్టర్‌కు ఈ వాక్యం ఉన్నదున్నట్టు చెప్పండి. అది మందు మోతాదు కంటే ముందు మాట్లాడాల్సిన విషయం. ఆ ఆలోచన గట్టిపడితే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే దగ్గరి వాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

ఇంట్లో ఎలా చెప్పాలన్నారు. అత్తగారికి హార్మోన్ల పాఠం చెప్పే పని పెట్టుకోకండి, ముందు మీవారితో మొదలుపెట్టండి. పరీక్ష చేయించిన తర్వాత డాక్టర్ దగ్గరికి ఆయన్ని తోడు తీసుకెళ్లండి. లోపల కూర్చోమనండి. ఆ మడమ పరీక్ష మళ్లీ చేయమని డాక్టర్‌ను మీరే అడగండి, ఆయన చూసేలా. మీ పాదం తీరిగ్గా వెనక్కి రావడం ఆయన కళ్లతో చూస్తే, మీరు వంద మాటలు చెప్పాల్సిన పని ఉండదు. ఆ ఫోన్ మాట మీరు విన్నారని ఆయనకు చెప్పాలా అంటే, చెప్పమనే అంటాను. కోపంలో కాదు, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు. "నువ్వన్న ఆ మాట నేను విన్నాను, నిజమేనేమోనని ఇన్నాళ్లూ నన్ను నేను తిట్టుకున్నాను" అని. చెప్పకపోతే థైరాయిడ్ సరైపోయాక కూడా ఆ మాట మీలో అలాగే ఉండిపోతుంది. చెబితే ఆయన నొచ్చుకోవచ్చు, గొడవ కావచ్చు, లేదా మీరు ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్న మాట ఆయన నోట రావచ్చు. ఆయన ఎలాంటివారో మీకే బాగా తెలుసు, ఎప్పుడు చెప్పాలో మీరే చూసుకోండి.

చివరగా మీ పాప అడిగిందన్న ప్రశ్న, "అమ్మా, నువ్వెప్పుడూ నిద్రపోతావేంటి?" అని. జవాబు చెప్పలేక పక్కకు తిరిగానన్నారు. ఈసారి అడిగితే దాని వేళ్లు పట్టుకుని మీ గొంతు మీద, ఆ గ్రంథి ఉన్న చోట పెట్టండి. గుటక వేయండి, అది కదలడం తెలుస్తుంది. "ఇక్కడ చిన్న సీతాకోకచిలుక ఉంది, దానికి కొంచెం బాలేదు, మందు వేస్తున్నాం" అని చెప్పండి. ఐదేళ్ల పిల్లకు ఆ మాత్రం బాగా అర్థమవుతుంది. రోజూ పొద్దున "సీతాకోకచిలుకకి మందు వేశావా?" అని మీకు గుర్తు చేసే బాధ్యత కూడా తనే తీసుకుంటుంది.